కంటిగూడు అడుగున టైటానియం వల: అమ్మ సందేహం

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)
ఐదు రోజుల క్రితం మా తమ్ముడు గుణుపురం నుంచి బైకు మీద వస్తూ, రాత్రివేళ రోడ్డుపై పడుకున్న పశువులను తప్పించబోయి పడ్డాడు. ఎడమ చెంప ఎముక మూడుచోట్ల విరిగింది, కంటిగూడు అడుగు కుంగింది. పైకి చూస్తే ప్రతిదీ రెండుగా కనబడుతోందంటున్నాడు. విశాఖలో సీటీ స్కాన్ చూసిన డాక్టరుగారు చెంపకు టైటానియం ప్లేట్లు, కంటి కింద టైటానియం వల అమర్చాలన్నారు. ముఖంలో జీవితాంతం లోహమేమిటి, వాడి ఎముకే తీసి పెట్టమనండని మా అమ్మ పట్టుబడుతోంది. ఆమెకు ఏమని చెప్పాలి?

జవాబు (బరంపురం, ముఖ-దవడ శస్త్రచికిత్స విభాగంలో పనిచేస్తున్నాను)
అమ్మగారి మాట కొట్టిపారేయదగ్గది కాదండి. తుంటి నుంచో పుర్రె పైపొర నుంచో ఎముక ముక్క తీసి కంటిగూడులో పెట్టడం పాత పద్ధతే, ఇప్పటికీ కొందరికి చేస్తారు. అయితే ముక్క తీసినచోట మరో గాయం, మరో నొప్పి తప్పవు. పెట్టిన ఎముక కాలక్రమంలో ఎంత అరిగిపోతుందో ముందుగా చెప్పలేం. కంటిగూడు అడుగు కొన్నిచోట్ల అర మిల్లీమీటరు మందమైనా ఉండదు కాబట్టి, అది కుంగితే కంటి చుట్టూ ఉండే కొవ్వు కింది సైనస్‌లోకి (చెంప ఎముక లోపలి గాలి గదిలోకి) జారి కన్ను లోపలికి పోతుంది, కంటిని కదిలించే కండరం పగులులో ఇరుక్కుంటే చూపు రెండవుతుంది. వలను ఆ ఒంపుకు సరిగ్గా వంచి పెట్టవచ్చు. టైటానియం తుప్పు పట్టదు, అయస్కాంతానికి అంటుకోదు. తర్వాత ఎమ్మారై తీయవలసి వచ్చినా సాధారణంగా ఇబ్బంది ఉండదు, కాని ముందే చెప్పాలి. చెంప ప్లేట్ల పని ఎముక అతికేదాకా కదలకుండా పట్టి ఉంచడం. చీము పడితేనో, స్క్రూ వదులైతేనో తప్ప తర్వాత తీయము. సాధారణంగా వాపు తగ్గాక రెండు వారాల లోపు ఆపరేషన్ చేస్తారు. చూపు మసకబారినా, కన్ను కదిపితే వాంతి వచ్చినా వెంటనే తీసుకువెళ్లండి. అన్నిటికంటే ముందు, ముక్కు చీదవద్దని చెప్పండి. చీదితే సైనస్‌లోని గాలి పగులు గుండా కంటిగూడులోకి ఎక్కుతుంది.

జవాబు (రాయగడ నుంచి)
నాకు ఇదే ఆపరేషన్ అయి నాలుగేళ్లయింది. కనుబొమ్మ చివర వేలితో తడిమితే ఇప్పటికీ స్క్రూ తల తగులుతుంది, అంతే. నన్ను విసిగించింది లోహం కాదు, తిమ్మిరి. ఏడు నెలలపాటు, గడ్డం గీసుకుంటూ పై పెదవి తెగినా అద్దంలో రక్తం చూశాకే తెలిసేది. ఏ ప్లేట్లు వేశారో డిశ్చార్జి కాగితంలో తప్పక రాయించుకోండి.

ప్రశ్న అడిగినవారు
అమ్మకు చదివి వినిపించాను. తుంటి ముక్క అనగానే "ఆ ఒక్కటీ వద్దులే" అన్నది. సోమవారం ఆపరేషన్. ముక్కు సంగతి మాకెవరూ చెప్పలేదు, వాడు ఈ ఐదు రోజులూ చీదుతూనే ఉన్నాడు.