తుంగ, గరిక పట్టిన కూరగాయల మడి: తవ్వాలా, కప్పాలా, మందు కొట్టాలా?

పచ్చపాదు:
చాలాకాలం బీడుగా వదిలేసిన జాగాలో కూరగాయలు వేయాలని పూనుకున్నాను. ఒక పక్కంతా తుంగ, రెండో పక్క గరిక దట్టంగా అల్లుకుపోయి ఉన్నాయి. మధ్యమధ్య వయ్యారిభామ కూడా ఉంది గానీ దాని గురించి నాకు బెంగ లేదు. పూత రాకముందే, నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని పీకితే వేరుతో సహా వచ్చేస్తుంది. చిక్కంతా మిగిలిన రెండింటితోనే. అడిగిన ప్రతివారూ ఒక్కో మాట చెబుతున్నారు. లోతుగా తవ్వి వేరన్నది లేకుండా ఏరేయమంటారు ఒకరు. తవ్వితే తుంగ పదింతలవుతుంది, ముట్టుకోవద్దంటారు ఇంకొకరు. నాటే ముందు ఒక్కసారి గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొడితే పీడ విరగడవుతుందంటారు మరొకరు. తినే కూరలు పండే నేలలో మందు చల్లడానికి నాకు మనసు ఒప్పడం లేదు. అలాగని ఏళ్ల తరబడి నడుం వంచి కలుపు తీస్తూ ఉండే ఓపికా లేదు. స్వయంగా చేసి చూసినవారు కారణాలతో సహా చెప్పండి.

గునపం:
గరికనైతే తవ్వాల్సిందే. కానీ తవ్వడమంటే పారతో ఎడాపెడా నరకడం కాదు. గరిక రెండు దారుల్లో పాకుతుంది. పైన మనకు కనిపించే తీగ ఒకటి. నేలలోపల తెల్లగా, గట్టిగా, పొలుసులు కప్పుకుని సూదిమొనతో సాగే కాడ ఇంకొకటి. ఈ రెండోదాన్ని అందరూ వేరనుకుంటారు, నిజానికి అది కాండమే. దాని ప్రతి కణుపు దగ్గరా ఒక మొగ్గ ఉంటుంది. పార దెబ్బకు పది ముక్కలైతే ఆ పదీ మొలకెత్తగలవు. రోటరీ టిల్లరు తిప్పిన మడిలో కొద్ది వారాలకే గరిక అంతటా లేవడానికి కారణం ఇదే. దయచేసి ఆ యంత్రాన్ని మీ మడి దరిదాపులకు రానివ్వకండి.

ముందురోజు నీరు పెట్టండి. మర్నాడు నేల పదునుకొచ్చాక గార్డెన్ ఫోర్కును నిలువుగా దించి, పిడిని వెనక్కి వంచి మట్టిగడ్డను పైకి లేపండి. గడ్డను వేళ్లతో చిదిపితే తెల్లకాడ కొస ఒకటి చేతికి తగులుతుంది. దాన్ని లాగకండి, తెగిపోతుంది. అది ఎటు వెళుతోందో చూసి ఆ వైపు మళ్లీ ఫోర్కు దించండి. చాలావరకు జానెడు లోతులోనే ఉంటుంది, గుల్ల నేలల్లో ఇంకా కిందికి పోతుంది. ఒకేసారి మడి మొత్తం పెట్టుకోకండి. మంచమంత జాగా శుభ్రంగా ఏరి, అందులో ఏదో ఒకటి నాటి, ఆ తర్వాతే పక్క భాగానికి వెళ్లండి.

నీడపందిరి:
గరిక విషయంలో గునపం గారి మాటతో నాకు పేచీ లేదు. అదే మాట తుంగకు వర్తింపజేస్తే మాత్రం నష్టపోతారు.

ఒక తుంగ మొక్కను చేత్తో పీకి చూడండి. నేలకు కొంచెం కింద చిన్న ఉబ్బు ఉంటుంది, సరిగ్గా అక్కడ పుటుక్కున తెగుతుంది. అసలు గడ్డ ఇంకా కిందనే ఉంటుంది. వాటిని కలిపే కాడ లేతగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి, ముదిరాక నల్లని తీగలా మారి మట్టిలో కంటికి ఆనదు. గడ్డ నల్లగా, పీచుతో ఉంటుంది. గోటితో గీరితే లోపల తెల్లగా, ఘాటైన వాసనతో ఉంటుంది. ఆ గడ్డ నుంచి మరో కాడ, దాని చివర మరో గడ్డ, ఇలా గొలుసుకట్టుగా సాగుతాయి. గొలుసు తెగనంతకాలం అందులో చాలా గడ్డలు నిద్రలోనే ఉంటాయి. కొసన మొలకెత్తినది మిగిలినవాటిని అణిచి ఉంచుతుంది. గొలుసు తెగిందా, నిద్రపోతున్న గడ్డలన్నీ విడివిడిగా లేస్తాయి. తవ్వితే తుంగ పదింతలవుతుందని మీకు చెప్పినవారు కారణం చెప్పారో లేదో గానీ, వారన్నది నిజమే.

ఇక దాని బలహీనత ఎండ. తుంగ, గరిక రెండూ మండుటెండను ఇష్టపడే జాతులే, నీడ పడితే నీరసిస్తాయి. ఆకును కోసి, పైన నీడ కప్పి, గడ్డలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చయ్యేలా చేయడమే నాకు తెలిసిన దారి. ప్రతి మొలకకూ గడ్డ తన నిల్వలోంచి పెట్టుబడి పెట్టాలి. ఆకు విచ్చుకుని ఎండ తాగితేనే ఆ పెట్టుబడి తిరిగొస్తుంది.

పొలంబాట:
మీరిద్దరూ చెప్పినవి బాగున్నాయి గానీ, రెండూ ఓపిక, తీరిక ఉన్నవాళ్లకే సాగుతాయి. మందు అనగానే ఉలిక్కిపడకుండా అది ఎలా పనిచేస్తుందో ఒకసారి చూడండి.

గ్లైఫోసేట్ 1974లో మార్కెట్లోకి వచ్చింది. ఆకు మీద పడి, మొక్క రసంతో పాటు కిందికి దిగి కాడలకు, వేళ్లకు చేరుతుంది. మొక్కకు అవసరమైన కొన్ని అమైనో ఆమ్లాల తయారీ మార్గాన్ని మూసేస్తుంది. ఆ మార్గం మనుషుల శరీరంలో లేదు. మట్టిని తాకగానే మట్టి రేణువులకు గట్టిగా అతుక్కుంటుంది, అందుకే తర్వాత నాటిన మొక్క వేళ్లు దాన్ని పీల్చుకునేది బహు తక్కువ. ఇంకా ఏమీ నాటని ఖాళీ మడిలో, గాలి లేని పూట, గరిక పచ్చగా ఎదుగుతున్నప్పుడు లేబుల్ మీద ఉన్న మోతాదులో ఒకసారి కొట్టి, మందు కిందికి దిగేదాకా కదపకుండా ఉంచితే, ఏడాది పొడుగునా తవ్వినా దొరకని కాడలు కూడా చాలావరకు చస్తాయి. వాడిపోయిన లేదా దుమ్ము పట్టిన ఆకు మీద కొడితే మందు దండగ.

క్యాన్సర్ మాట ఎలాగూ వస్తుంది కాబట్టి నేనే చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దీన్ని 'బహుశా క్యాన్సర్ కారకం' అనే 2ఎ వర్గంలో పెట్టింది. ఎర్ర మాంసం కూడా ఆ వర్గంలోనే ఉంది. ఆ వర్గీకరణ హాని చేసే గుణం ఉందా అని చూస్తుంది, ఎంత వాడితే ఎంత ముప్పు అని లెక్కగట్టదు. ఐరోపా సమాఖ్య అన్నీ పరిశీలించి 2023లో మరో 10 ఏళ్లకు అనుమతి ఇచ్చింది.

మందు వద్దనుకుని వెనిగరు, ఉప్పు పోసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. వెనిగరు పైఆకును మాడ్చి వదిలేస్తుంది, కింద కాడ క్షేమంగా ఉంటుంది. ఉప్పు నేలలో పేరుకుంటే గరిక కన్నా ముందు మీ టమాటా, బీన్సు మొక్కలే చస్తాయి.

గునపం:
పొలంబాట గారూ, కథను సగంలో ఆపారు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా 2020లో గ్లైఫోసేట్‌తో క్యాన్సర్ వచ్చే అవకాశం లేదని తేల్చింది. ఆ నిర్ధారణకు తగిన ఆధారాలు లేవని 2022లో అక్కడి అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. అంటే పెద్ద సంస్థల మధ్యే ఇంకా తెగని వాదు ఇది. పంట మీద బతికే రైతు ముందు వేరే లెక్కలుంటాయి, ఆయన్ను నేను తప్పు పట్టను. పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే పెరటి మడికి ఆ వాదులో చేరాల్సిన అగత్యం ఏమిటి? మీరు చెప్పిన గాలి లేని పూట కూడా అంత తేలిగ్గా దొరకదు. సన్నని తుంపర పక్క మడిలోని టమాటా ఆకుల మీద పడితే చాలు, కొత్త ఆకులు పాలిపోయి ముడుచుకుపోతాయి.

నీడపందిరి:
నాకు ఆరోగ్యం మాట కన్నా ముందు 'ఒక్కసారి' అన్న మాట మీదే అభ్యంతరం. మందు ఆకు గుండా దిగాలి. తుంగ గొలుసులో నిద్రపోతున్న గడ్డకు ఆకే ఉండదు. పచ్చగా మొలిచి ఉన్న మొక్కతో కలిసిన గడ్డ చావొచ్చు, మిగిలినవి ఏడాది తర్వాతయినా లేస్తాయి. కాబట్టి తుంగకు ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ కొట్టాలి. అప్పుడిక ఖాళీ మడి అన్న షరతు ఎక్కడ నిలుస్తుంది?

పొలంబాట:
తుంగ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. ఒక్క పిచికారీతో తుంగ పోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. గరిక విషయంలో మాత్రం నా మాట నాదే. గునపం గారు చెప్పిన ఫోర్కు పని నేనూ చేసినవాణ్నే. చిన్న మడికి చెల్లుతుంది. జాగా పెద్దదై, చేసే మనిషికి నడుం నొప్పి ఉంటే ఆ సలహా వల్ల తోట పెట్టాలన్న కోరికే చచ్చిపోతుంది. అలా మూలపడిన మడులు ఎన్నో చూశాను.

పందిరిచిక్కుడు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. తీసిన కలుపు సంగతి ఎవరూ చెప్పలేదు. గరిక కాడలను, తుంగగడ్డలను కంపోస్టు కుప్పలో వేయకండి. ఇంటి కుప్ప వాటిని చంపేంత వేడెక్కడం అరుదు. మాగిన ఎరువుతో పాటు వాటినీ మీరే మళ్లీ మడికి మోస్తారు. గచ్చు మీదో రేకు మీదో పలచగా పరిచి, ఎర్రటి ఎండలో ఒకటి రెండు వారాలు పెళుసుగా విరిగేదాకా ఎండబెట్టండి. వానాకాలమైతే నీళ్ల తొట్టిలో ముంచి, మూతపెట్టి, కుళ్లి గుజ్జయ్యేదాకా ఉంచండి. బయటి నుంచి మట్టి గానీ, కుండీ మొక్క గానీ తెచ్చినప్పుడు వేళ్ల మధ్య చూడండి. తుంగకు విత్తనం మొలవడం చాలా అరుదు. కొత్తచోటికి వచ్చిందంటే దాదాపు ఎప్పుడూ మట్టితో, గడ్డ రూపంలోనే.

పచ్చపాదు:
అందరికీ ధన్యవాదాలు. నీడపందిరి గారూ, తుంగ పక్కన దేనితో కప్పాలి? నల్ల ప్లాస్టిక్ షీటు మా దగ్గర ఉంది. వేసవిలో పారదర్శక షీటు కప్పి నేలను ఉడికించవచ్చని కూడా ఎక్కడో చదివాను. కప్పినంతకాలం పంట మానుకోవాల్సిందేనా?

నీడపందిరి:
నల్ల ప్లాస్టిక్‌ను తుంగ పొడుచుకుని బయటికొస్తుంది. చీకట్లో ఆకులు చుట్టుకుని గట్టి మొనగా ఉంటాయి, పలచని షీటు దానికి అడ్డే కాదు. పారదర్శక షీటు కింద వెలుతురు తగిలి మొన ముందే విచ్చుకుంటుంది, ఆకు షీటు కింద చిక్కుకుని మాడుతుంది. అందుకే వేసవి ఉడికింపు కొంత పనిచేస్తుంది. నేలను తడిపి, షీటును మట్టికి అంటుకునేలా పరిచి, అంచులు మట్టిలో పూడ్చి, బాగా ఎండలు కాసే 4 నుంచి 6 వారాలు ఉంచాలి. పై పొరలోవి చాలావరకు పోతాయి, లోతులోని గడ్డలకు ఆ వేడి చాలదు.

నేను నమ్ముకున్నది అట్టపెట్టెలు. టేపు, పిన్నులు తీసేసి, అంచులు ఒకదాని మీద ఒకటి జానెడు మేర వచ్చేలా రెండు పొరలు పరిచి, తడిపి, పైన ఎండుగడ్డీ ఆకులూ మందంగా వేయండి. అట్ట కలిసే చోట్ల మొలకలు దూసుకొస్తాయి. వాటిని గడ్డ దాకా తవ్వాలని చూడకండి. మూడు నాలుగు ఆకులు రాగానే నేలకు కొంచెం కిందుగా పదునైన కొడవలితో కోసేయండి. మొలిచాక కొద్ది వారాలకే కొత్త గడ్డలు కట్టడం మొదలుపెడుతుంది కాబట్టి, రెండు వారాలకోసారి తప్పకుండా చూడాలి. ఇందులో కష్టం లేదు, క్రమం తప్పకూడదు, అంతే. ఒక్క సీజనులో పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వను. గడ్డలు నేలలో రెండు మూడేళ్లు బతకగలవు.

పంట మానక్కర్లేదు. అట్టకు కన్నం పెట్టి గుమ్మడి, అలసంద లాంటి నేలను కమ్మే తీగలు వేయండి. వాటి ఆకుల నీడ మీకు రెండో కప్పు. బంగాళాదుంప, చిలగడదుంప మాత్రం ఆ పక్క వద్దు. తుంగ మొన దుంపల్లోకి దూసుకుపోతుంది, తవ్వి తీశాక అవి దేనికీ పనికిరావు. ఉల్లి, వెల్లుల్లి అసలు వద్దు, వాటి సన్నని ఆకు నీడే ఇవ్వదు.

పొలంబాట:
పచ్చపాదు గారూ, మందు వద్దనే మీరు నిర్ణయించుకుంటే మంచిదే. అయితే ఎంత జాగా చేయగలరో అంతే మొదలుపెట్టండి. మిగతా గరికను తీయకపోయినా పొట్టిగా కోస్తూ, విత్తనం పట్టనివ్వకుండా ఉంచండి.

పచ్చపాదు:
అలాగే చేస్తానండీ. తుంగ పక్క అట్టలు, తీగలు. గరిక పక్క ఫోర్కుతో కొంచెం కొంచెంగా. ఒక్క సందేహం మిగిలింది. కంచె అవతల జాగా మాది కాదు, అక్కడంతా గరికే. ఇక్కడ ఎంత ఏరినా అటునుంచి మళ్లీ రాదా?

గునపం:
వస్తుంది, అడ్డు లేకపోతే ఒక్క వానాకాలంలోనే వస్తుంది. కంచె వెంబడి జానెడున్నర లోతు సన్నని కాలువ తీసి, అందులో మందపాటి రేకు గానీ పాత టైల్స్ గానీ నిలువుగా, సందు లేకుండా పాతండి. అంచు నేలపైకి నాలుగు వేళ్ల ఎత్తు ఉండాలి, లేకపోతే పైతీగ దాటేస్తుంది. ఇవతల అడుగు వెడల్పున ఏమీ నాటకుండా ఖాళీగా ఉంచితే, దాటి వచ్చిన తీగ వెంటనే కంటపడుతుంది. ఈ పని ముగిశాకే మడిలో ఫోర్కు దించండి.