మూతపడిన మిల్లుల్లోకి గోడ దూకి వెళ్లి ఫోటోలు తీయడం తప్పా?

బ్రాడీపేట కుర్రాడు:
మా బ్యాచ్‌కి పాత కట్టడాలంటే ప్రాణం. గుంటూరు చుట్టుపక్కల మూతపడిన జిన్నింగ్ మిల్లులు, పొగాకు గోడౌన్లు, తాళం పడిన సినిమా హాళ్లలోకి గోడ దూకి వెళ్తాం. ఫోటోలు, వీడియోలు తీసుకుని వచ్చేస్తాం. తాళాలు పగలగొట్టం, ఒక్క మేకు కూడా తెచ్చుకోం. రేపో మాపో వీటిని కూల్చి అపార్ట్‌మెంట్లు కడతారు. ఇందులో తప్పేంటో చెప్పండి.

పటమట:
తప్పేం లేదు తమ్ముడూ. బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత, ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) 329 సెక్షన్ ప్రకారం నేరం చేయాలనో, అక్కడున్న వాళ్లను బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉంటేనే అక్రమంగా చొరబడిన నేరం, అంటే క్రిమినల్ ట్రెస్‌పాస్. ఫోటో తీస్తే ఎవరికి నష్టం?

కొత్తపేట:
పటమట గారూ, సెక్షన్ సరిగ్గానే చెప్పారు. కానీ అన్ని చోట్లా అదొక్కటే కాదు. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్తే 1989 రైల్వే చట్టం 147 సెక్షన్ ఉంది. ఆరు నెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఫోటోల కోసమే వెళ్లామంటే అక్కడ కుదరదు.

చట్టం సంగతి అలా ఉంచండి. మిర్చి దాచే మన కోల్డ్ స్టోరేజీల్లో చల్లదనానికి ఎక్కువగా వాడేది అమ్మోనియా. మూతేసిన ప్లాంట్‌లో పైపులు ఖాళీ చేశారో లేదో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది? తుప్పు పట్టిన వాల్వ్ ఊడితే కళ్లు మండిపోతాయి, ఊపిరాడదు. కిటికీల్లేని ఛాంబర్‌లో తలుపు ఎటుందో కూడా కనపడదు. అమ్మోనియాకి వాసనైనా ఉంది. పాడుబడ్డ బావిలో, సంపులో ఆక్సిజన్ తగ్గితే ఏ వాసనా రాదు. ఒకడు పడిపోతే, తీయడానికి దిగిన రెండోవాడూ పోతాడు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది వాచ్‌మన్ సంగతి. గేటు పక్క గదిలో ఒక పెద్దాయన, ఆయన భార్య ఉంటారు. ఆ జీతమే వాళ్లకు ఆధారం. మీ రీల్ వైరల్ అయితే ఓనర్ మొదట నిలదీసేది ఆయన్నే. మీరు మేకు కూడా తెచ్చుకోలేదు, నిజమే. గోడ ఎక్కడ కూలిందో మీ వీడియోలో చూసినవాళ్లు మోటార్లు, రాగి తీగలు పట్టుకుపోతే? ఆ దొంగతనం ఎవరి మీద పడుతుంది?

బ్రాడీపేట కుర్రాడు:
అన్నా, అడిగితే ఎవరు రానిస్తారు? ఉండవల్లి గుహలకైతే పురావస్తు శాఖ ఉంది. మిల్లులకు ఎవరున్నారు?

కొత్తపేట:
ఆ బాధ నాకూ ఉంది తమ్ముడూ. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. మిల్లును, పొగాకు గోడౌన్‌ను రాత్రికి రాత్రే నేలమట్టం చేసినా అడిగేవాడు లేడు. పొగాకు బోర్డు ఆఫీసు ఉన్న ఊళ్లో ఆ వ్యాపారం ఆనవాళ్లు ఇలా పోతుంటే కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఫోటోలు తీయొద్దనడం లేదు. ఓనర్ కుటుంబానికి కాగితం మీద రాసివ్వండి, ఫోటోల కాపీ ఇస్తామనండి. పగలు, వాచ్‌మన్‌ని తోడు పెట్టుకుని వెళ్లండి. ఏ మిషన్ ఎక్కడుండేదో, సీజన్‌లో ఎన్ని షిఫ్టులు నడిచేవో ఆయన చెప్తే రికార్డ్ చేయండి. అడ్రస్ మాత్రం ఎక్కడా పెట్టొద్దు.

పటమట:
వద్దనే ఓనర్లే ఎక్కువండీ. వారంలో కూల్చేస్తున్నారని తెలిస్తే అప్పుడేం చేస్తారు?

కొత్తపేట:
మళ్లీ అడుగుతాను, తెలిసిన పెద్దమనిషి చేత చెప్పిస్తాను. అప్పటికీ వద్దంటే రోడ్డు మీద నుంచి కనపడినంత తీసుకుంటాను. గోడ మాత్రం దూకను.