రిపోర్టుల్లో రంగులు: కండిషనల్ ఫార్మాటింగ్ మీరు ఎట్ల వాడుతున్నరు?

మునుగోడు నీళ్ళు
అందరికీ నమస్తే. నేను తాగునీళ్ళ పరీక్షల డేటా చూస్త. ఊర్లల్ల బోర్లు, ట్యాంకులు, నల్లాల నుంచి వచ్చిన శాంపిళ్ళ ఫలితాలు ఒక ఎక్సెల్ షీట్ల ఎక్కిచ్చి నెలనెలా పైకి పంపాలె. పీహెచ్ (పులుపు-క్షార గుణం), టీడీఎస్ (నీళ్ళల్ల కరిగిన లవణాలు), నైట్రేట్, ఫ్లోరైడ్ అన్నీ ఉంటయి. వరుసలు వందల్ల ఉంటయి, చూసే సార్లకు టైం ఉండది. ఏ ఊర్ల ఏ బోరు నీళ్ళు తాగొద్దో ఒక్క చూపుల తెలవాలె. మన నల్గొండ జిల్లాల ఫ్లోరైడ్ అంటే ఏందో ఎవరికీ చెప్పే పని లేదు.

మాకు వచ్చిన ఫార్మాట్‌ల ఫ్లోరైడ్ కాలమ్‌కు ఆకుపచ్చ-పసుపు-ఎరుపు కలర్ స్కేల్ ఉంది; అది కండిషనల్ ఫార్మాటింగ్‌ల ఒక రకం, అంటే గడిల అంకెను బట్టి ఎక్సెల్ తానే రంగు వేస్తది. దాంతోటి ఒక తిప్పలు. అన్ని శాంపిళ్ళు మంచిగ వచ్చిన నెలల 0.9 ఉన్న బోరు ఎర్రగ కనబడ్తది. ఇంకో నెల ఒక్కటే బోరు 4 దాటితే 1.8 ఉన్నది పసుపు దగ్గర ఆగుతది. చూసేటోళ్ళు రంగునే నమ్ముతరు గదా. దీన్ని ఎట్ల సరి చెయ్యాలె? మీ మీ రిపోర్టులల్ల రంగులు ఎట్ల పెడుతున్నరో గూడ చెప్పుండ్రి.

లెక్కల పెద్దాయన (మహబూబ్‌నగర్)
బాబూ, ఎక్సెల్ చెడిపోలేదు, దానికి చెప్పిన పనే అది చేస్తోంది. మూడు రంగుల కలర్ స్కేల్‌ను ఏమీ మార్చకుండా పెడితే ఆ కాలమ్‌లో అన్నిటికంటే తక్కువ అంకెకు ఒక చివరి రంగు, అన్నిటికంటే ఎక్కువ అంకెకు ఇంకో చివరి రంగు, వరుసగా పేర్చితే మధ్యలో వచ్చే అంకెకు, అంటే 50వ పర్సంటైల్‌కు మధ్య రంగు వేస్తుంది. అంటే అది అంకెలను ఒకదానితో ఒకటి పోలుస్తుందే తప్ప తాగునీటి ప్రమాణంతో పోల్చదు. తాగే నీళ్ళ విషయంలో పక్క ఊరి బోరు ఎట్లా ఉందన్నది మనకు అక్కర్లేదు. హద్దు దాటిందా లేదా అన్నదే కావాలి.

అందుకని కలర్ స్కేల్ పూర్తిగా తీసేయండి. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500లో ఫ్లోరైడ్‌కు లీటరుకు 1.0 మిల్లీగ్రాము ఆమోదించదగిన హద్దు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతి. ఈ రెండు అంకెలే మీ రూల్స్. 1.5 దాటితే ఎరుపు, 1.0 దాటి 1.5 లోపు ఉంటే పసుపు, మిగతాదానికి ఏ రంగూ వద్దు. మంచిగా ఉన్న నీళ్ళకు ఆకుపచ్చ వేస్తే పేజీ అంతా రంగే అవుతుంది, అసలు చూడాల్సిన నాలుగు గడులు అందులో కలిసిపోతాయి.

ప్రతి కాలమ్‌కూ ఒకే పద్ధతి పనికిరాదు, ఇది ముఖ్యం. నైట్రేట్‌కు 45 దగ్గర ఒక్కటే గీత, దానికి సడలింపు లేదు కాబట్టి పసుపు కూడా లేదు. టీడీఎస్‌కు 500, 2000 అని రెండు మెట్లు. పీహెచ్ 6.5 కన్నా తగ్గినా తప్పే, 8.5 దాటినా తప్పే. దానికి 'నాట్ బిట్వీన్' (ఈ రెండు అంకెల మధ్య లేకపోతే) రూల్ వాడండి. ఈ హద్దులను రూల్ లోపల టైపు చేసి దాచకండి. షీటు పైభాగంలో ఒక వరుసలో రాసి, రూల్ ఆ గడిని చూసేటట్టు పెట్టండి. రంగు ఎందుకు వచ్చిందో చదివేవాళ్ళకు అక్కడే కనబడుతుంది, రేపు ప్రమాణం మారితే ఒక్క గడి మారిస్తే సరిపోతుంది.

మునుగోడు నీళ్ళు
సార్, చాలా థ్యాంక్స్. మీరు చెప్పినట్టే చేసిన, షీట్ ఇప్పుడు నిమ్మళంగ కనబడుతుంది. అయితే ఒక వింత. ఫ్లోరైడ్ దొరకని శాంపిళ్ళకు ల్యాబోళ్ళు 'బీడీఎల్' (కొలిచే హద్దుకంటే తక్కువ) అని రాస్తరు. అవన్నీ ఎర్రగ అయినయి! అందరికంటే మంచి నీళ్ళే ఎరుపుల పడ్డయి.

పాలమూరు పంతులు
ఇది మాకు రోజూ ఉండే ముచ్చటనే. ఎక్సెల్ పోల్చేటప్పుడు అక్షరాలు ఎప్పుడూ అంకెలకంటే పెద్దయి. 'బీడీఎల్' అనేది 1.5 కంటే ఎక్కువే అంటది అది. మా మార్కుల షీట్ల దీనికి ఉల్టా. పిల్లగాడు పరీక్షకు రాలేదని 'గైర్హాజరు' అని రాస్తే, 35 కంటే తక్కువుంటే ఎరుపు అనే రూల్ వాన్ని వదిలిపెడ్తది. రానోడు పాసైనోళ్ళల్ల కలుస్తడు. ఇంకా మార్కులు ఎక్కియ్యని ఖాళీ గడిని ఫార్ములా సున్నా లెక్క తీసుకుంటది, అది ఎర్రగ అయితది. అంటే వచ్చి తప్పినోడు, రానోడు, ఇంకా పేపరు దిద్దనోడు ముగ్గురూ వేరే వేరే, షీట్ మాత్రం కలగాపులగం చేస్తది.

నేను చేసేది ఇదీ. ఫార్ములా రూల్ల 'అండ్' పెట్టి, ముందు 'ఈజ్‌నంబర్' తోటి అది అంకెనేనా అని అడుగుత, తర్వాత హద్దు అడుగుత. రెండూ అవునంటేనే రంగు. గైర్హాజరుకు విడిగ బూడిద రంగు. ఖాళీ గడి ఖాళీగనే ఉంటది.

ఇంకో మాట, ఇది సాంకేతికం కాదు గానీ చెప్పాలె. ఆ ఎరుపు షీటు నా దగ్గరనే ఉంటది. ఏ పిల్లకు ఏ సబ్జెక్టుల సాయంత్రం క్లాసు తీసుకోవాల్నో నాకు తెలవడానికి అది. గోడకు అతికిచ్చే లిస్టుల ఒక్క రంగు గూడ పెట్ట. పదో తరగతి పిల్లలు తమ పేరు ఎర్రగ చూసుకుంటే ఆ పూట అన్నం తినరు. ఎవరు చూస్తరో అడిగినంకనే రంగు పెట్టాలె.

లెక్కల పెద్దాయన (మహబూబ్‌నగర్)
పంతులు గారి పద్ధతి సరైనదే. నీళ్ళ షీటుకు వాడేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. వేరే సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చి అతికించిన అంకెలు కొన్నిసార్లు టెక్స్ట్‌గా వస్తాయి. కంటికి 2.4 అనే కనబడుతుంది, ఎక్సెల్‌కు అది అక్షరాలు. 'ఈజ్‌నంబర్' పెట్టాక ఆ 2.4 ఏ రంగూ లేకుండా తెల్లగా జారిపోతుంది. అనవసరంగా ఎర్రబడిన 'బీడీఎల్' కంటే తెల్లగా మిగిలిన 2.4 ఎన్నో రెట్లు ప్రమాదం, ఎందుకంటే ఆ నీళ్ళు ఎవరో తాగుతుంటారు.

కాబట్టి ఇంకొక రూల్ కలపండి. గడిలో ఉన్నది టెక్స్ట్ అయ్యి, అది 'బీడీఎల్' కూడా కాకపోతే బూడిద రంగు, అంటే 'వెళ్ళి చూడు' అని. దాన్ని మేనేజ్ రూల్స్‌లో అన్నిటికంటే పైన పెట్టండి. టెక్స్ట్ అయిన కాలమ్‌ను అంకెలుగా మార్చడానికి ఆ కాలమ్ ఎంచుకుని డేటా మెనూలో 'టెక్స్ట్ టు కాలమ్స్' తెరిచి నేరుగా ఫినిష్ నొక్కితే చాలాసార్లు సరిపోతుంది.

మిర్యాలగూడ మిల్లు గుమాస్తా
మాది వడ్ల లెక్క. సీజన్ల లారీ వెనక లారీ దిగుతది. మాశ్చర్ మీటర్ల తేమ చూసి ఎక్కిస్తం. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం హద్దు, అది దాటితే ఆ వరుస మొత్తం రంగు పడాలె. ఒక్క తేమ గడికే రంగుంటే బండి నంబరు ఎడమ చివరికి ఉంటది, చూపు ఆ దాకా పోయేసరికి వరుస తప్పుతది.

వరుస మొత్తానికి కావాలంటే టేబుల్ అంతా ఎంచుకుని ఫార్ములా రూల్ రాసి, కాలమ్ అక్షరం ముందట డాలర్ గుర్తు పెట్టాలె, వరుస అంకె ముందట పెట్టొద్దు. రెండు చోట్లా పెడితే అన్ని వరుసలూ మొదటి లారీనే చూస్తయి. ఒక్క దగ్గర గూడ పెట్టకపోతే రంగు పక్కకు జరిగి ఎక్కడెక్కడో పడ్తది. ఎంచుకున్న మొదటి వరుస అంకెనే ఫార్ములాల ఉండాలె, అది గూడ చూసుకోండి.

ఇంకొకటి, ఎవరూ చెప్పలేదు. మా షీటు ప్రింట్ తీసి యార్డుకు పోతది. మాది నల్ల ప్రింటర్. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒక్క తీరు బూడిదగ వస్తయి. అందుకని రంగుతో పాటు అక్షరం బోల్డ్ అయ్యేటట్టు పెట్టినం, పక్కన 'ఇఫ్' తోటి ఒక కాలమ్ పెట్టి 17 దాటితే 'ఆరబెట్టాలె' అని మాట వచ్చేటట్టు చేసినం. మేస్త్రికి ఆ మాట చాలు. ఎరుపు, ఆకుపచ్చ తేడా కండ్లకు తెలవని మగోళ్ళు గూడ ఉంటరు, వాళ్ళకు గూడ ఇదే అక్కరకొస్తది.

జడ్చర్ల పత్తి
పత్తికి మూడు మెట్లు. సీసీఐ (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కొనేటప్పుడు తేమ 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర, 8 నుంచి 12 దాకా కోత, 12 దాటితే తీసుకోరు. ఎక్సెల్ల ఐకాన్ సెట్ (అంకెను బట్టి గడిల వచ్చే చిన్న బొమ్మలు) పెడితే హద్దులు 67 శాతం, 33 శాతం అని వాటంతట అవే వస్తయి. ఆ శాతం చూసి తేమ శాతం అనుకునేరు, కాదు. అది కాలమ్‌ల తక్కువ నుంచి ఎక్కువ దాకా ఉన్న దూరంల శాతం. 'టైప్' దగ్గర పర్సెంట్ తీసి నంబర్ చేసి 12, 8 రాయాలె, బొమ్మల వరుస తిప్పాలె. గుండ్రటి దీపాలకంటే ఆకారం వేరే వేరే ఉన్న ఐకాన్లు మంచిగుంటయి.

ఎడమ కాలువ రైతు (హాలియా)
నేను ఉద్యోగస్తుణ్ణి కాదు, సాగర్ ఆయకట్టు రైతును. ఎగువ నుంచి నీళ్ళు ఎంతొస్తున్నయో చూసి నారు పోసుకునేటోళ్ళం. రోజూ జూరాల, శ్రీశైలం, సాగర్ మట్టాలు షీట్ల రాసి, బొమ్మ తీసి మా ఊరి వాట్సాప్ గ్రూపుల పెడ్త. డేటా బార్ (అంకెను బట్టి గడిల పొడుగయ్యే పట్టీ) గురించి చెప్పాలని వచ్చిన.

పూర్తి మట్టం జూరాలకు 1045 అడుగులు, శ్రీశైలానికి 885, సాగర్‌కు 590. ఇవి సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తులు. మూడింటినీ ఒక్క కాలమ్‌ల పెట్టి డేటా బార్ వేస్తే, పది టీఎంసీలు గూడ పట్టని జూరాల బార్ అన్నిటికంటే పొడుగ్గ, 312 టీఎంసీలు పట్టే సాగర్‌ది పొట్టిగ వస్తది. అది చూసి రైతు ఏం అర్థం చేసుకోవాలె? ఇక సాగర్‌ను ఒక్కదాన్నే తీసుకుని సున్నా నుంచి 590 దాకా బార్ పెట్టినా అంతే. కనీస మట్టం 510 అడుగులు. అక్కడికి దిగినా బార్ సగంకంటే ఎంతో ఎక్కువ నిండి కనబడ్తది, కాలువకు మాత్రం నీళ్ళు కష్టం.

అందుకని అడుగుల కాలమ్‌కు బార్ తీసేసిన. పూర్తి సామర్థ్యంల ఇయ్యాల ఎన్ని టీఎంసీలు ఉన్నయో శాతం కట్టి, ఆ కాలమ్‌కు పెట్టిన. మినిమం 0, మాక్సిమం 100 అని చేత్తో రాయాలె. ఆటోమేటిక్ మీద వదిలేస్తే, మూడింట్ల ఎక్కువున్నది 40 శాతమే ఉన్నా దాని బార్ నిండుగ కనబడ్తది.

మక్తల్ వీవో లెక్కలు
అన్నా, నేను మహిళా సంఘాల లోన్ల వాయిదాలు చూస్త. వాయిదా తేదీ దాటి ఎన్ని రోజులైందో 'టుడే' (ఇయ్యాల్టి తేదీ ఇచ్చే ఫంక్షన్) తోటి లెక్క తీసి రంగు పెట్టిన. బ్యాంకు లెక్కల 90 రోజులు దాటితే ఎన్‌పీఏ (మొండి బాకీ) అయితది. 90 దగ్గర ఎరుపు పెడితే అప్పటికే చెయ్యి దాటిపోతది. నేను 1 నుంచి 30 దాకా లేత పసుపు, 31 నుంచి 60 దాకా నారింజ, 60 దాటితే ఎరుపు పెట్టిన. ఎరుపు వచ్చినంక గూడ సంఘంల కూసోని మాట్లాడుకునే టైం ఉంటది.

తేదీల తోటి జాగ్రత్త. కంప్యూటర్ల రీజియన్ అమెరికా అని ఉంటే 05/06 అని కొట్టినప్పుడు మే 6 అనుకుంటది, 25/06 అని కొడితే తేదీ అనే అనుకోదు, టెక్స్ట్ చేస్తది. తేదీ రాయని గడి ఉంటే సున్నా కింద పట్టుకుని నలభై వేలకు పైన రోజులు చూపిస్తది. పూర్తిగ కట్టేసినోళ్ళకు రంగు రాకుండ, బాకీ సున్నాకంటే ఎక్కువుంటేనే అని 'అండ్'ల కలపాలె. అప్పు తీర్చిన అక్క పేరు ఎర్రగ కనబడితే ఆమె ఎంత బాధపడ్తదో నేను చూసిన.

ఒక డౌట్. షీటు నెలలు గడిచేకొద్దీ నెమ్మదిస్తుంది. మేనేజ్ రూల్స్ తెరిస్తే ఒకటే రూల్ బోలెడుసార్లు కనబడుతుంది.

మిర్యాలగూడ మిల్లు గుమాస్తా
అక్కా, వరుసలు కాపీ చేసి అతికిచ్చినప్పుడల్లా రూల్స్ గూడ వెంట వచ్చి ముక్కలు ముక్కలైతయి. పేస్ట్ స్పెషల్‌ల వాల్యూస్ మాత్రమే అతికియ్యుండ్రి. ఇప్పుడున్నయి శుభ్రం చెయ్యాలంటే ఒక్కో రూల్ ఒక్కటే ఉంచి మిగతావి తీసేసి, 'అప్లైస్ టు' దగ్గర మొత్తం టేబుల్ పరిధి రాయాలె. డేటాను టేబుల్ కింద మార్చుకుంటే కొత్త వరుస చేర్చినప్పుడు రూల్ దానంతట అదే సాగుతది.

పాలమూరు పంతులు
ఫోన్ల గూగుల్ షీట్స్ వాడేటోళ్ళకు: రంగుల రూల్స్, కలర్ స్కేల్ ఉన్నయి, ఐకాన్ సెట్ గానీ డేటా బార్ గానీ ఆ మెనూల లెవ్వు. బార్ కావాలంటే 'స్పార్క్‌లైన్' ఫార్ములా పక్క కాలమ్‌ల రాయాలె. పైసలు పెట్టకుండ కంప్యూటర్ల పని కావాలంటే లిబ్రెఆఫీస్ కాల్క్‌ల నాలుగూ ఉన్నయి.

మునుగోడు నీళ్ళు
ఇంత మంచిగ చెప్పినందుకు అందరికీ దండాలు. చివరిది ఒకటి: ఎర్రగ ఉన్న శాంపిళ్ళు ఎన్ని అని షీటు మీద ఒక అంకె రావాలె. రంగును లెక్కపెట్టే ఫంక్షన్ ఉందా?

లెక్కల పెద్దాయన (మహబూబ్‌నగర్)
రంగును లెక్కించే మామూలు ఫంక్షన్ లేదు, అవసరమూ లేదు. రంగు ఏ హద్దు వల్ల వచ్చిందో ఆ హద్దునే 'కౌంట్ఇఫ్'కు (షరతుకు సరిపోయే గడులను లెక్కపెట్టే ఫంక్షన్) ఇవ్వండి. పైన రాసిపెట్టిన 1.5 గడినే అదీ చూడాలి. ఎర్రవి మాత్రమే విడిగా చూడాలంటే ఫిల్టర్‌లో 'ఫిల్టర్ బై కలర్' ఉంది, కండిషనల్ ఫార్మాటింగ్ రంగులకూ పనిచేస్తుంది. ఇంకొక లెక్క కూడా పక్కన పెట్టండి: 'కౌంట్' చెప్పే అంకెల సంఖ్యకు 'బీడీఎల్' అన్నవి కలిపితే 'కౌంట్‌ఏ' చెప్పే నిండిన గడుల మొత్తానికి సరిపోవాలి, శీర్షిక వరుస వదిలేసి. సరిపోకపోతే రిపోర్టు పంపకండి, బూడిద రంగు గడులు వెతకండి.