గూడబాతులో ఉన్నది గూడా, గూడా?

పొరపాటు కాదు, శీర్షిక కావాలనే అలా పెట్టాను. మొదటిది పక్షి కట్టే గూడు, రెండోది నీళ్లు తోడే గూడ.

మొన్న ఆదివారం టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లాం. చింతచెట్ల నిండా గూడబాతులు (అదే, పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు. పక్కన ఒకాయన తన పాపకి, "గూడు కట్టుకుంటాది కాబట్టి గూడబాతన్నారమ్మా" అని చెప్తున్నారు. గూడు కట్టని పిట్టేది? అదీకాక, ఆ మాట గూడు నుంచి వస్తే 'గూటిబాతు' అవ్వాలి. ఏరు ఏటి, నాగలి నాగటి, గూడు గూటి. గూటి పావురం అంటాం కానీ గూడపావురం అనం కదా!

నా చిన్నప్పుడు మా ఊరి చెరువు అడుగంటితే గూడ వేసేవారు. తాళ్లు కట్టిన బుట్ట, అటొకరు ఇటొకరు. వంగి ముంచడం, వెనక్కి వాలి ఎత్తి గట్టు అవతల పొయ్యడం. బురదనీళ్లతో పాటు చేపపిల్లలు కూడా వచ్చేవి. గూడబాతు వేట అచ్చం అంతే. ముక్కు కింది సంచిని నీళ్లలో ముంచుతుంది, అది ఉబ్బుతుంది. తర్వాత ముక్కుని రొమ్ముకి ఆనించి నీళ్లన్నీ వార్చేసి, తల పైకెత్తి చేపని మింగుతుంది. ఆ సంచిలో చేపలు దాచుకుంటుందని చాలామంది అనుకుంటారు గానీ, అది తోడే పనిముట్టు, గోనెసంచి కాదు.

*

గూడ వరకు సరే మాస్టారూ, మరి బాతెందుకైంది? బాతు కాదు కదా?

*

కాదండి, బాతులతో చుట్టరికం లేదు. వేళ్ల మధ్య తోలు చూసి అనుంటారని నా ఊహ. అందులోనూ తేడా ఉంది: బాతుకి ముందరి మూడు వేళ్లకే తోలు, దీనికి నాలుగు వేళ్లనీ కలిపేస్తుంది.

*

మాది ఇచ్ఛాపురం వైపు. మా తేలుకుంచి పక్షుల్ని అందరూ 'సైబీరియా పిట్టలు' అంటారు. ఆ పేరెలా వచ్చిందో!

*

ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. తేలుకుంచివి నత్తగుల్ల కొంగలు, మన దేశపువే. వానలు పడి పొలాల్లో నత్తలు దొరికే కాలానికి వచ్చి గూళ్లు పెడతాయి. మా గూడబాతులదీ సైబీరియా కాదు. శీతాకాలంలో దూరం నుంచి వచ్చే పిట్టలు ఇక్కడ గూడు కట్టవు, తిండి తిని వెళ్లిపోతాయి. చెట్టు మీద గుడ్లు పెట్టిందంటే దాని పుట్టిల్లు ఇదే. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో సందుంటుంది చూడండి, పిల్లలకి అది ఉండదు, పెరిగాకే వస్తుంది.

*

మా అమ్మమ్మ దాన్ని 'చిల్లుముక్కు కొంగ' అనేది. సైబీరియా మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

*

ఇదీ మాటంటే! సరే, ఇంకొకటి అడుగుతాను: గూడ వేసేటప్పుడు లెక్కకి ఏదో పాట పాడేవారు, నాకు ఒక్క ముక్కా గుర్తు రావట్లేదు. మీ ఇళ్లలో పెద్దవాళ్లని అడిగి రాస్తారా?