చెన్నై నుంచి క్రూయిజ్: కడుపులో తిప్పేవాళ్లకి ఏ క్యాబిన్?

ప్రశ్న: అమ్మకి ఘాట్ రోడ్డులో బస్సెక్కితేనే వాంతులు. చెన్నై హార్బర్ నుంచి మూడు రాత్రుల క్రూయిజ్. పై డెక్‌లో బాల్కనీ తీసుకోవాలా, కింద కిటికీ గదా?

జవాబు 1: కింద కిటికీదే అండీ. ఓడ తూగుడుబల్లలా లేచి పడుతుంది. నడిమధ్యన కదలిక తక్కువ, ముక్కు (ఓడ ముందు కొస) దగ్గర ఎక్కువ. పైకెళ్లేకొద్దీ పక్కలకి ఊగడం పెరుగుతుంది. డెక్ ప్లాన్‌లో (ఓడ అంతస్తుల పటం) మధ్య లిఫ్టుల దగ్గరి గది నంబరు చూసి బుక్ చేయండి. 'గ్యారంటీ' క్యాబిన్ చవకే, కానీ ఏ గది ఇస్తారో క్రూయిజ్ కంపెనీ వాళ్లిష్టం. ముక్కు దగ్గర పడేశారా, అంతే సంగతులు.

జవాబు 2: కిటికీ ఉన్నా ఫోన్ చూస్తూ కూర్చుంటే లాభం లేదు, నీళ్లూ ఆకాశం కలిసే గీతనే చూడాలి. వాంతులు రాకుండా వేసే అవోమిన్ లాంటి మాత్ర డాక్టర్‌ని అడిగి ఓడ కదలడానికి గంటా రెండు గంటల ముందే వేయండి. వాంతులు మొదలయ్యాక కడుపులో నిలవదు. మాత్ర వేస్తే మత్తుగా ఉంటుంది.

జవాబు 3: అక్టోబరు-డిసెంబరు మాత్రం వద్దు. తుపాన్ల కాలంలో బంగాళాఖాతానికి ఏ గదైనా ఒకటే.