డెడ్ కెన్ డాన్స్ రెండో ఆల్బమ్‌ని మనం తక్కువ చేశామా?

ప్రశ్న

డెడ్ కెన్ డాన్స్ అనే బ్యాండ్ పాటలు వినేవాళ్ళు వైజాగ్‌లో ఇంకొందరుంటారని అడుగుతున్నా. వీళ్ళ రెండో ఆల్బమ్, 1985 నాటి ‘స్ప్లీన్ అండ్ ఐడియల్’ని 12 ఏళ్ళుగా అటూ ఇటూ కాని ఆల్బమ్ అనే అనుకున్నా. 1984లో వచ్చిన మొదటిదాంట్లో గిటార్ల హోరు. 1987 నాటి ‘విదిన్ ద రెల్మ్ ఆఫ్ ఎ డయింగ్ సన్’ వచ్చేసరికి అంతా గంభీరం. మధ్యలో ఇది చెల్లో, ట్రాంబోన్లు పట్టుకుంది గానీ బేస్ గిటార్‌ని వదల్లేదు. రెండు పడవల మీద కాళ్ళు.

మాది వన్ టౌన్, రాస్ హిల్ కింద. మొన్న రాత్రి కరెంటు పోతే మేడ మీద పడుకుని ఇదే పెట్టుకున్నా. ‘మెస్మరిజం’ నడుస్తుండగా హార్బర్‌లో ఓడ కూత పెట్టింది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తీసేశా. ఒక పక్క ఓడ, ఇంకో పక్క ఆ బ్యాండ్ గాయని లీసా గెరార్డ్ గొంతు, దాని కింద ఆగకుండా కొట్టుకుంటున్న తాళం. ఆ తాళం లేకపోతే ఆ గొంతు నాకు అందేది కాదనిపించింది. మీకూ ఇలా అభిప్రాయం మారిందా?

జవాబు 1

లేదన్నా, నాకు మూడో ఆల్బమే ఇష్టం. ఒక సైడంతా ఆ బ్యాండ్‌లోని ఇంకో గాయకుడు బ్రెండన్ పెర్రీ, రెండో సైడంతా లీసా. ఎవరి లోకం వాళ్ళది. రెండో ఆల్బమ్‌లో ఆఖరి పాటకొచ్చేసరికి నా ఓపిక అయిపోతుంది.

జవాబు 2

ఎంవీపీ కాలనీలో పిల్లలకి సంగీతం చెబుతానండి. లీసా గొంతు నాకు గ్లాడియేటర్ సినిమాతో తెలిసింది. మీరు చెప్పాక ‘మెస్మరిజం’ విన్నాను. ఆలాపన అయ్యాక మృదంగం అందుకుంటే ఒళ్ళు ఎలా నిటారుగా అవుతుందో, అలా అయింది. తాళం పాటకి బరువని ఎవరంటారు?

అడిగినవారు

మేడమ్, నాకు దొరకని మాట మీరు చెప్పారు.

తమ్ముడూ, నువ్వు మెచ్చుకున్నదే నాకిప్పుడు లోటుగా అనిపిస్తోంది. మూడోదాంట్లో ఇద్దరూ వేరు కాపురం పెట్టినట్టుంటారు. ఇక్కడ ‘కార్డినల్ సిన్’ ఆయన పాడితే, వెంటనే ‘మెస్మరిజం’ ఆవిడది. మళ్ళీ ‘ఎనిగ్మా ఆఫ్ ది అబ్సల్యూట్’ ఆయనది. ఒకరు దింపిన చోట ఇంకొకరు ఎత్తుకుంటారు. ఆల్బమ్ పేరు కూడా ఫ్రెంచి కవి బోదలేర్ కవితల్లోని ఒక భాగానిది: దిగులు ఒకటి, ఆదర్శం ఒకటి. రెండు పడవలని నేను తప్పుపట్టాను, వాళ్ళు పేరులోనే రెండూ పెట్టుకున్నారు. ఆఖరి పాట ఒక్కటే కాకుండా, దాని ముందు పాట ‘అవతార్’ నుంచి ఆపకుండా విని చెప్పు.