మతిమరుపు జబ్బు (అల్జీమర్స్) పరిశోధన: మెదడు స్లైడ్లు చదివే పనిని కృత్రిమ మేధకు అప్పగించవచ్చా?

కృష్ణలంక_వాసి:
మరణించిన రోగుల మెదడు నుంచి కోసిన పలుచని పొరలను గాజు స్లైడ్ల మీద ఉంచి, రంగు వేసి, వాటిలో అమిలాయిడ్ అనే ప్రోటీను పేరుకుని ఏర్పడిన ముద్దలను గుర్తించే పనిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో కంప్యూటరుకు నేర్పారు. నిపుణులు గుర్తు పెట్టిన 70 వేలకు పైగా చిత్రాలతో శిక్షణ ఇచ్చాక, నడుమ గట్టిపడిన ముద్ద ఏదో, పలచగా పరచుకున్నది ఏదో అది వేరు చేయగలిగింది. మన ప్రయోగశాలల్లోనూ ఈ పద్ధతి రావాలని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారు?

పాత_స్లైడు:
ఉద్యోగ జీవితమంతా కణజాలం కోసి, రంగు వేసి, స్లైడ్లు తయారు చేసినవాడిగా చెబుతున్నాను. మైనపు దిమ్మె నుంచి కోసిన పొరను గోరువెచ్చని నీటి మీద తేలవేసినప్పుడు చిన్న ముడత పడితే చాలు, ఆ ముడతలో గోధుమరంగు చిక్కగా పట్టి, ముద్దేమోనని భ్రమ కలిగిస్తుంది. పొర మందాన్ని బట్టీ, కణజాలం, అది చెడకుండా కాపాడే ఫార్మలిన్ ద్రవం‌లో ఎంతకాలం ఉన్నదనేదాన్ని బట్టీ కూడా రంగు మారుతుంది. మా ప్రయోగశాలలో కొన్న సాఫ్ట్‌వేరు ముడతలను కూడా లెక్కలో కలిపేస్తే, తప్పంతా స్లైడు చేసినవాడిదేనని పెద్దలు తేల్చారు. ఆ మాట నాకు నేటికీ మింగుడు పడలేదు.

డేటా_పని:
ముడతను గుర్తించి పక్కన పెట్టడం కూడా యంత్రానికి నేర్పవచ్చునండీ. ఒకే ముద్దను ఇద్దరు నిపుణులు రెండు విధాలుగా చదవడం మామూలే కాబట్టి, ఆ పరిశోధకులే తరువాత పలువురు నిపుణుల గుర్తులను కలిపి శిక్షణ ఇచ్చారు. ప్రోటీన్ల ఆకృతిని అంచనా వేసే కృత్రిమ మేధ ఆల్ఫాఫోల్డ్‌ను రూపొందించినవారికి 2024లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చిన రోజుల్లో మనం ముడతల గురించి వాదించుకోవడమేమిటి? మీ చేతిపని పోతుందన్న బాధే మీ చేత ఇలా మాట్లాడిస్తున్నదని నాకు అనిపిస్తోంది.

పాత_స్లైడు:
పదవీ విరమణ చేసినవాడికి పోయే పని ఏముంటుంది? నోబెల్ పేరు ఎత్తారు కనుక చెబుతున్నాను. అల్జీమర్స్‌లో పోగులుగా మారే టౌ ప్రోటీనుకు మామూలుగా స్థిరమైన ఆకృతి అంటూ ఉండదు. అలాంటి ప్రోటీన్ల దగ్గరే ఆల్ఫాఫోల్డ్ బలహీనపడుతుంది. ఆ పోగుల నిర్మాణాన్ని 2017లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు ఒక రోగి మెదడు నుంచి వాటిని తీసి, అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కళ్లారా చూసి తేల్చారు. ఇకపోతే మీరు ముడతకు జవాబిచ్చారు గాని, మందం సంగతి ఎత్తలేదు.

తెనాలి_రాత:
ముడత దాటి ముందుకు పోదామా, అయ్యలారా?

డేటా_పని:
మందం వల్ల వచ్చే రంగు తేడాలను సరిచేసే పద్ధతులూ ఉన్నాయి. మనిషి కన్ను అంత గొప్పదైతే, ఎలుకల జ్ఞాపకశక్తిని ఒక రకం అమిలాయిడ్ దెబ్బతీస్తుందని చెప్పిన 2006 నాటి నేచర్ పత్రికలోని పరిశోధన పత్రంలో బొమ్మలు మార్చారన్న సంగతి 2022 వరకు ఎందుకు బయటపడలేదు? ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నది 2024లో!

పాత_స్లైడు:
ఆ బొమ్మలను పట్టుకున్న మాథ్యూ ష్రాగ్ కూడా మనిషే, నాడీ వైద్యుడే. యంత్రం లెక్క సరిగ్గానే చేస్తుందని ఒప్పుకుందాం. ఆ లెక్కతో ఏం తేలుతుంది? మెదడు నిండా అమిలాయిడ్ ఉండి కూడా చివరిదాకా తెలివిగా బతికినవారు ఎందరో ఉన్నారు. మతి తప్పడంతో టౌ పోగుల చిక్కుముడులకు ఉన్నంత పొత్తు ఈ ముద్దలకు లేదు. ఏది లెక్కించమని మనం చెబితే యంత్రం దాన్నే లెక్కిస్తుంది. మన నమ్మకం తప్పయితే, ఆ తప్పునే మరింత వేగంగా, మరింత ధీమాగా మనకు తిరిగి చెబుతుంది. నా గొడవ మొదటి నుంచీ ఇదే.

డేటా_పని:
మొదటి నుంచీ మీరు మాట్లాడింది ముడత గురించి!

మా_అమ్మ_ఇల్లు:
ఇంతసేపూ చదివాక రాస్తున్నాను. మా అమ్మ స్కానులనూ, రక్తాన్నీ పరిశోధన కోసమని ఒక సంస్థ వారు తీసుకున్నారు. ఫలితం అడిగితే, అది రోగులకు చెప్పేది కాదన్నారు. అమ్మ ఇప్పుడు నన్ను "ఎవరమ్మా నువ్వు, భోంచేశావా?" అని మర్యాదగా అడుగుతుంది. అమిలాయిడ్‌ను తొలగిస్తుందని ఎంతో పేరు వచ్చిన లెకానెమాబ్ మందు కూడా 18 నెలల తరువాత, జబ్బు తీవ్రతను చూపే 18 పాయింట్ల కొలతలో, ఆ మందు ఇవ్వనివారితో పోలిస్తే 0.45 పాయింట్ల తేడా మాత్రమే చూపింది. మీ ముద్దల లెక్క ఎవరి కోసం?

పాత_స్లైడు:
అమ్మా, మీరు అన్నదే నేనూ అంటున్నాను. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం రకరకాల మతిమరుపు జబ్బులున్న 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనబడింది. అది రోగులతో, ఇంటివారితో కూర్చుని మాట్లాడితే తెలిసిన సంగతి. ఏ స్లైడులో చూస్తే దొరుకుతుంది?

డేటా_పని:
అందుకే మన వారి మెదళ్లతోనే యంత్రానికి శిక్షణ ఇవ్వాలంటున్నాను. బెంగళూరు నిమ్హాన్స్‌లో మెదడు బ్యాంకు 1995 నుంచీ ఉన్నది. అక్కడి స్లైడ్లను రోగి వివరాలు తెలియనివ్వకుండా యంత్రానికీ, ఇద్దరు నిపుణులకూ ఇచ్చి పోల్చి చూస్తే, పాత_స్లైడు గారి సందేహం కూడా తీరుతుంది.

పాత_స్లైడు:
టౌ స్లైడ్లు కూడా కలపండి. ముడతలు పడ్డవాటిని ముందే ఏరేయకండి. అప్పుడు చూద్దాం.

మా_అమ్మ_ఇల్లు:
మళ్లీ స్లైడ్ల దగ్గరికే వెళ్లారు. తీసుకున్న రక్తంలో ఏమున్నదో ఇంటివారికి చెబుతారా, చెప్పరా అన్నది నేను అడిగింది.